సందూకు ఆట

మెట్టుగూడలో రైలు క్వార్టర్ల వెనక ఒక పెంకుటింట్లో బడి ఉండేది. పెద్ద పిల్లలు ముందు వసారాలో శారదమ్మ గారి బెత్తం కింద కూర్చునేవారు. నాలుగేళ్ళూ అయిదేళ్ళూ ఉన్న ఇరవై మందికి పైగా పసివాళ్ళు వెనక గదిలో సుమిత్ర దగ్గర ఉండేవారు. సుమిత్రకు ఇరవై నాలుగేళ్ళు. మద్రాసులో పసిపిల్లల చదువులో శిక్షణ పొంది వచ్చి, అన్నావదినల ఇంట్లో ఉంటూ ఆ బడిలో చేరింది.

చేరిన మొదటి వారమే గదిలో ఒక మూలకు పాత చీర తెరగా కట్టింది. తెర వెనక ఒక చిల్లు లాంతరు, గార్డు ఎవరో పారేసిన ఎర్రజెండా, పచ్చజెండా, రెండు సత్తుగిన్నెలు, గుడ్డబొమ్మలు, బట్టలు పెట్టుకునే పాత చెక్కపెట్టె ఒకటి. పిల్లలు దాన్ని ఆట ఇల్లు అనేవారు. పది దాకా ఎంచడం రాని ఒక పిల్లవాడు అక్కడ టికెట్లు ఇచ్చే మనిషై కూర్చుని, మూడు రోజుల్లో ఇరవై దాకా ఎంచాడు. టికెట్ లేనివాణ్ణి రైలు ఎక్కనివ్వకూడదు కదా మరి. ఇంట్లో అడిగినదానికి తల ఊపడమే తప్ప నోరు విప్పని ఒక పిల్ల గార్డు టోపీ పెట్టుకుందంటే చాలు, ఆ కేకలకు ముందు వసారాలో శారదమ్మ గారు పాఠం ఆపేయాల్సి వచ్చేది.

"ఆడుకునేటందుకు ఇంట్ల జాగ లేదా పంతులమ్మా? నాలుగు అక్షరాలు నేర్పు," అనేవారు తల్లులు.

ఆటలోనే నేర్చుకుంటున్నారని సుమిత్ర చెప్పబోయేది. చెప్పడం ఆమెకు చేతనయ్యేది కాదు. మద్రాసులో విన్న మాటలు మెట్టుగూడ గడపలో నిలబడి చెబితే వట్టి గాలిమాటల్లా ఉండేవి. "ఒక్క గంట కూర్చొని చూడండి," అనేది చివరికి. ఒక్క గంట కూర్చునే తీరిక ఎవరికుంది?

నలభై ఎనిమిది సెప్టెంబరులో బడి మూశారు. బేగంపేట వైపు విమానాల మోత వినబడినప్పుడల్లా జనం ఇళ్ళల్లోకి పోయి తలుపులు వేసుకున్నారు. అయిదు రోజుల్లో యుద్ధం అయిపోయి రాజ్యం మారిందన్నారు. మిలిటరీ లారీలు వచ్చిన రోజు కొన్ని ఇళ్ళవాళ్ళు పూలదండలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. కొన్ని ఇళ్ళ తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

దసరా తరువాత బడి తెరిచేసరికి పిల్లల ఆట మారిపోయింది. రైలు నడపడం మానేశారు. బెంచీలు లారీలయ్యాయి. చేతులు పైకెత్తి వరసగా నిలబడటం, తెర ఎత్తి లోపల ఎవరున్నారో వెతకడం, అదే ఆట. వెతికేవాడు ఎప్పుడూ పర్వతాలు అనే పిల్లవాడే. వాడి చేతిలో కర్ర ఉంటే ఇంకెవరికీ ఆ వేషం దక్కేది కాదు.

పర్వతాలు ఆయా లచ్చమ్మ కొడుకు. అయిదేళ్ళవాడు. జనగామ దిక్కు పల్లెలో లచ్చమ్మ పెనిమిటిని రజాకార్లు ఇంట్లోంచి లాక్కుపోయి చంపారు. ఆమె కొడుకును చంకనేసుకుని పట్నం వచ్చి, ఎవరో చెప్పగా ఈ బడిలో ఊడ్చే పని, నీళ్ళు తెచ్చే పని చేసుకుంటోంది.

"ఏందమ్మా సుమిత్రా, ఈ ఆట?" అని శారదమ్మ గారు ఒకరోజు తలుపులోంచి చూసి అడిగింది.

"చూసిందే ఆడుతున్నరండి. ఆడి ఆడి వాళ్ళే విడిచిపెడతరు."

"విడిచిపెట్టకపోతే?"



కార్తీకంలో ఒక పొద్దున రైలు కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసే రహమాన్, తన తల్లి అజ్మతున్నీసాను వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలామె వేలు పట్టుకుని ఒక పిల్ల. పేరు షహర్ బానో, అయిదు నిండలేదు. రహమాన్ అన్న ఇమాం వలి కూతురు. బీదరు దారిలో ఒక చిన్న ఊళ్ళో ఇమాం వలి దర్జీ. తల్లి పురిట్లోనే పోయింది.

"మాట్లాడతలేదు పంతులమ్మా," అన్నాడు రహమాన్. "వచ్చి నెలన్నరాయె. నాతోని సుత ఒక్క మాట లేదు. నలుగురు పిల్లల్ల ఉంటే ఏమన్న మాట్లాడతదేమో అని."

"నాన్న ఎక్కడున్నడు?"

రహమాన్ తల్లివైపు చూశాడు. ముసలామే చెప్పింది. మిలిటరీ వచ్చిన తరువాత ఊళ్ళో మంది మీద మంది పడ్డారు. ఇమాం వలి కూతురిని బట్టల సందూకులో పడుకోబెట్టి, పైన చీరలు కప్పి, తానొచ్చి మూత తీసేదాకా కదలొద్దని చెప్పి తలుపు దగ్గరికి పోయాడు. ఆయన మళ్ళీ రాలేదు. పక్క వీధిలో కూతురింట్లో ఉన్న అజ్మతున్నీసా మరునాడు పొద్దుగాల వచ్చి ఆ సందూకు తెరిచింది.

"చంపిన్రో, జేల్ల వేసిన్రో ఎరుక లేదు బిడ్డా. ఇద్దరు ముగ్గురు తీరుగ చెప్తున్నరు."

"మా అన్న పేరు, మా ఊరు పేరు ఎవ్వరికీ చెప్పకుండ్రి," అన్నాడు రహమాన్ గొంతు తగ్గించి. "మా అన్న ఎన్నడు కత్తెర తప్ప ఏం పట్టలే. అయినా గిప్పుడు ఎవరు వింటరు? రిజిస్టర్ల నా పేరే రాయండి."

చెప్పనని సుమిత్ర మాట ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం నీళ్ళ బిందె దించుతూ లచ్చమ్మ ముఖం తిప్పుకునే అంది: "పంతులమ్మా, ఆళ్ళ పిల్లతోని మా పోరన్ని ఆడిపియ్యకు."

"ఆ పిల్ల ఏం చేసింది లచ్చమ్మా?"

"ఏం చెయ్యలే. నాకెరికే. అయినా ఆడిపియ్యకు."

షహర్ బానో నాలుగు రోజులు గోడకు ఆనుకుని కూర్చుంది. అయిదో రోజు లేచి తెర వెనక్కి పోయింది. చెక్కపెట్టెలోని సామానంతా ఒక్కొక్కటే తీసి బయట పెట్టింది. ఒక గుడ్డబొమ్మను లోపల పడుకోబెట్టి పైన గుడ్డముక్క కప్పింది. మూత వేసి, దానిమీద కూర్చుని, తలుపువైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి దిగి మూత ఎత్తి, బొమ్మకు పెదవుల మీద వేలు పెట్టి చూపించి, మళ్ళీ మూసింది. బడి వదిలేదాకా అంతే. మరునాడూ అంతే. బొమ్మను మాత్రం ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.

సుమిత్రకు పోయి ఆ పిల్లను ఎత్తుకుందామనిపించింది. మద్రాసులో వాళ్ళ పంతులమ్మ ఒక మాట చెప్పేది: పిల్ల తన ఆటలో నీకు వేషం ఇచ్చేదాకా నువ్వు వేషం కట్టొద్దు, దగ్గర కూర్చో, అంతే. సుమిత్ర చాప లాక్కుని తెర పక్కన కూర్చుంది. మిగతా పిల్లలు పలకలు తెచ్చి అక్కడే చూపించుకునేవారు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో పర్వతాలు కర్ర పట్టుకుని బెంచీలన్నీ వెతుకుతూ తెర దగ్గరికి వచ్చాడు. సుమిత్ర సగం లేచింది. వాడు అప్పటికే తెర ఎత్తేశాడు.

"పెట్టెల ఏమున్నది?"

షహర్ బానో కదలలేదు. మూత అంచును రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. పర్వతాలు పిల్లను చూశాడు, పెట్టెను చూశాడు. వాడి ముఖంలో వెతికేవాడి బెట్టు మెల్లగా పోయింది. కర్ర కింద పెట్టి, పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గట్ల మూస్తే లోపల గాలాడది," అన్నాడు. "జెర సందు పెట్టాలె."

జేబులోంచి బలపం ముక్క తీశాడు. షహర్ బానో వాడిని చాలాసేపు చూసింది. తరువాత కొద్దిగా పక్కకు జరిగింది. వాడు మూత ఎత్తి, అంచు కింద బలపం ముక్క పెట్టి, మెల్లగా దించాడు. వేలు దూరేంత సందు. అందులోంచి లోపలికి చూసి, "మంచిగనే ఉన్నది," అన్నాడు.

"పాపకు నీళ్ళు," అంది షహర్ బానో గుసగుసగా.

సుమిత్ర ఆ పిల్ల మాట వినడం అదే మొదటిసారి. పర్వతాలు సత్తుగిన్నె తెచ్చాడు. అందులో నీళ్ళు లేవు. ఇద్దరూ కలిసి ఉత్త గిన్నెను సందు దగ్గర వంచి బొమ్మకు తాగించారు.

ఆ రోజు నుంచి పర్వతాలు వెతకడం మానేశాడు. కర్ర ఇంకొకరికి ఇచ్చి తాను తెర బయట కాపలా నిలబడేవాడు. తెర వెనకనుంచి షహర్ బానో గుసగుసగా అడిగేది: "పోయిన్రా?"

"ఇంకా పోలే," అనేవాడు వాడు.

రోజుకు ఇరవై ముప్పైసార్లు అదే మాట, అదే జవాబు. ఒకరోజు కాపలా మధ్యలో వాడు ఉన్నట్టుండి చెప్పాడు: "మేం గుమ్మిల దాసుకున్నం. వడ్ల గుమ్మిల. మా అమ్మ నా నోరు మూసింది. మా అయ్య పిలిచిండు. రెండుసార్ల పిలిచిండు. మేం పలకలే."

గడప దగ్గర చీపురు చప్పుడు ఆగిపోయింది. సుమిత్ర తిరిగి చూసింది. లచ్చమ్మ గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంటోంది.

"వాడు నిద్ర పోయిండనుకున్న పంతులమ్మా," అంది లచ్చమ్మ, సుమిత్ర దగ్గరికి పోగానే. "ఇన్ని దినాలు, వాడు నిద్రల ఉండె, వానికేం ఎరుక లేదనుకున్న."

సుమిత్ర పక్కన కూర్చుంది. ఆ తరువాత లచ్చమ్మ ఆడించమనీ అనలేదు, ఆడించొద్దనీ అనలేదు. ఆ మూలకు వచ్చినప్పుడు మాత్రం చీపురు ఆపి, చుట్టూ తిరిగి పోయేది.

ఒక శనివారం షహర్ బానో "పోయిన్రా?" అని అడిగింది. పర్వతాలు వెంటనే చెప్పలేదు. కిటికీ దాకా పోయి, అటూ ఇటూ చూసి వచ్చాడు.

"పోయిన్రు," అన్నాడు.

తెర వెనక చప్పుడు లేదు. మూత ఎత్తిన కిర్రు వినబడింది. తెర పక్కనుంచి చూస్తే, షహర్ బానో బొమ్మను రెండు చేతులా పట్టుకుని పెట్టె అంచుదాకా లేపింది. లేపి ఆగింది. "అబద్ధం చెప్తున్నవ్," అని గుసగుసలాడి మళ్ళీ పడుకోబెట్టింది. కానీ మూత వేయలేదు. బడి వదిలేదాకా పెట్టె తెరిచే ఉంది.

సోమవారం తీస్తుంది అనుకుంది సుమిత్ర. ఆ ఆదివారం ఇంట్లో ఆమె ఒక్క పనీ సరిగా చేయలేదు. వదిన రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాగుందా అని.

సోమవారం బడికి వచ్చేసరికి తెర లేదు. పెట్టె లేదు. మూల ఊడ్చి, అక్కడ నల్లబల్ల నిలబెట్టి ఉంది. శారదమ్మ గారు తన గదిలోకి పిలిచింది. లోపల బడి కార్యదర్శి మధుసూదన్ గారు, కొత్త ప్రభుత్వం పంపిన ఇనస్పెక్టరు కూర్చుని ఉన్నారు. ఇనస్పెక్టరు ముఖంలో కోపమేమీ లేదు. చాలా బళ్ళు తిరిగి అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"బడిల రజాకార్ల ఆట ఆడిపిస్తున్నరని అర్జీ వచ్చింది," అన్నాడు ఆయన. "ఎవరు రాసిన్రో లేదు. నిజమేనా?"

"రజాకార్ల ఆట కాదండి. దాక్కునే ఆట."

"ఎవరి నుంచి దాక్కుంటరు?"

నిజం చెప్పాలంటే సందూకు సంగతి చెప్పాలి. ఏ ఊరు, ఎవరి పిల్ల అని అడుగుతారు. రహమాన్ గొంతు తగ్గించి అడిగినది సుమిత్రకు గుర్తుంది. బయట వసారాలో ఎవరో పెద్దగా ఎక్కాలు వల్లిస్తున్నారు.

"పిల్లల ఆటండి. వాళ్ళే కల్పించుకున్నది," అంది.

"మంచిది. ఆ ఆటతోని ఏం నేర్చుకున్నరు? ఒక మాటల చెప్పండి."

మద్రాసులో దీనిమీద పదహారు పేజీలు రాసి పరీక్షలో ప్రథమురాలిగా వచ్చింది సుమిత్ర. "భయం తగ్గుతదండి," అంది చివరికి. మధుసూదన్ గారు శారదమ్మ గారి వైపు చూసి చిన్నగా నవ్వారు. ఇనస్పెక్టరు నవ్వలేదు. లేచి వెనక గదికి వచ్చి, పిల్లలను ఒక్కొక్కరినే అక్షరాలు అడిగాడు. షహర్ బానో ముందు వంగి మెత్తగానే అడిగాడు: "నీ పేరేంది బిడ్డా?"

షహర్ బానో నల్లబల్ల వెనక, పెట్టె ఉండే చోటు చూస్తోంది. మళ్ళీ అడిగాడు. పర్వతాలు లేచి, "ఆమె మాట్లాడతది సార్, నాతోని మాట్లాడతది," అన్నాడు. కూర్చోమన్నారు.

"బడికొచ్చి నెల దాటె. ఒక్క అక్షరం రాలే, పేరు సుత చెప్తలేదు," అని ఇనస్పెక్టరు కాగితం మీద రాసుకున్నాడు. "ఆటలు బంద్ చేసి పలకలు పట్టిపియ్యండి. కాలం మంచిగ లేదమ్మా. మీరే ఇబ్బందుల పడతరు."

వాళ్ళు పోయాక సుమిత్ర, "ఆ పెట్టె ఒక్కటి ఇప్పించండి," అని శారదమ్మ గారిని అడిగింది. "వారం రోజులు చాలు. తెర వద్దు, బొమ్మలు వద్దు."

"నా చేతుల ఏమున్నది సుమిత్రా? ఆట బంద్ చేస్తనని సంతకం పెట్టి ఇచ్చిన. ఆ సామాను మధుసూదన్ గారి ఇంటికి పోయింది. బడి మూస్తే ఇంతమంది పిల్లలు ఎక్కడికి పోవాలె?" ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా సుమిత్రకు రాలేదు.

షహర్ బానో పలక ముందు పెట్టుకుని కూర్చునేది. బలపం పట్టించినా పట్టేది కాదు. మూడో రోజు మధ్యాహ్నం కనబడలేదు. వెతికితే బెంచీ కింద గోడమూలకు ముడుచుకుని పడుకుని ఉంది, పైన గోనెపట్ట కప్పుకుని. పక్కనే పర్వతాలు వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. సుమిత్రను చూసి వాడే చెప్పాడు: "ఆట కాదు పంతులమ్మా. నేను పోయిన్రు అంటే సుత వస్తలేదు."

సుమిత్ర బెంచీ కిందికి దూరి ఆ పిల్ల చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది. పిల్ల విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

విద్యాశాఖకు మూడు పేజీల అర్జీ రాసింది. ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఒక గంట వేషాలు కట్టి ఆడే ఆట ఉండాలనీ, తనకు తెలిసిన ఒక పిల్ల ఆ ఆటలోనే మళ్ళీ మాట తెచ్చుకుందనీ, పేరూ ఊరూ లేకుండా రాసింది. చదువుకుని చూస్తే ఎవరి గురించో కల్పించి రాసినట్టుంది. అయినా పంపింది.

సంక్రాంతి ఇంకా రాకముందే అజ్మతున్నీసా బడికి వచ్చింది. బీదరు జైల్లో ఇమాం వలి అనే పేరున్న మనిషి ఒకడున్నాడని ఎవరో చెప్పారట. ఆయన తన కొడుకో, వేరే మనిషో తెలియదు. పోయి చూస్తానంది.

"పిల్లను ఎందుకమ్మా తీసుకపోవడం? అక్కడ ఎట్లున్నదో," అంది సుమిత్ర.

"ఎవరి కాడ ఇడవాలె బిడ్డా? రహమాన్‌కు వారం పగలు, వారం రాత్రి డూటీ. ఇంట్ల ఆడమనిషి లేదు. వాడు నా కొడుకే అయితే బిడ్డను చూపెట్టొద్దా?"

"నా దగ్గర ఉంచండి. రేపు పొద్దున చెప్తా."

ఆ సాయంత్రం అన్నను అడిగింది. అన్న సైకిలు తుడుస్తూ వింటూ ఉండిపోయాడు. వదిన చెప్పింది: "ఎవరి పిల్ల అని అడిగితే ఏం చెప్పాలె? పక్కింట్ల మొన్ననే పోలీసులు వచ్చి అడిగి పోయిన్రు. మాకు సుత ఇద్దరు పిల్లలున్నరు సుమిత్రా." అన్న తలెత్తకుండానే, "ఆమె అన్నది నిజమే," అన్నాడు. అది వాళ్ళ ఇల్లు. ఆమెకంటూ అందులో ఒక ట్రంకుపెట్టె, ఒక చాప ఉన్నాయి. వేరే గది తీసుకుందామంటే పెళ్ళికాని ఆడమనిషికి మెట్టుగూడలో ఎవరిస్తారు?

మరునాడు ముసలామె గడపలో నిలబడి ఉంది. సుమిత్ర ముఖం చూసి తానే అంది: "తక్లీఫ్ పడకు బిడ్డా. అడిగినవ్, గదే చాలు." షహర్ బానో చేయి పట్టుకుని నడిచింది. గల్లీ మలుపు దాకా ఆ పిల్ల వెనక్కి చూడలేదు.

"ఎప్పుడొస్తది?" అని పర్వతాలు అడిగాడు.

"తెలియదు," అంది సుమిత్ర. వాడు ఇంకొన్నాళ్ళు అడిగి, అడగడం మానేశాడు. 'అ' నుంచి 'ఔ' దాకా నేర్చుకున్నాడు. రెండోసారి వచ్చిన ఇనస్పెక్టరు వాడి పలక చూసి మెచ్చుకున్నాడు.

ఎండలు ముదిరాక విద్యాశాఖ నుంచి జవాబు వచ్చింది. మీరు రాసిన విషయం పరిశీలనలో ఉంది అని ఒకే వరస. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టి, ఆ సాయంత్రం ఆమె రహమాన్ క్వార్టరుకు పోయింది. రహమాన్ అప్పుడే పనినుంచి వచ్చి చేతుల నూనె కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి స్టూలు తెచ్చి వేశాడు.

"ఏమన్న తెలిసిందా?"

"జేల్ల ఉన్నోడు మా అన్న కాడు. పేరు ఒక్కటే, మనిషి వేరు," అన్నాడు. "ఆ జాబు మాఘంల వచ్చింది. ఆ తర్వాత లేదు. నేను రెండు రాసిన. అమ్మ మా చెల్లె కాడనే ఉన్నదో, ఇంకెక్కడికన్న పోయిందో."

సుమిత్ర లేవబోతుంటే రహమాన్ అడిగాడు:

"పంతులమ్మా, మీ బడిల మాట్లాడిందంటిరి. నేనైతే ఒక్కసారి సుత వినలే. గొంతు ఎట్లుండె?"

సుమిత్ర విన్నవన్నీ గుసగుసలే. గుసగుసలో గొంతు తెలియదు. ఆ పిల్ల నవ్వితే ఎలా ఉంటుందో, కేక వేస్తే ఎలా ఉంటుందో ఆమెకూ తెలియదు.

"మా అన్న జెర తొందర తొందరగ మాట్లాడతడు," అన్నాడు రహమాన్. "గట్లనే ఉండెనా?"

"అవును," అంది సుమిత్ర. "గట్లనే ఉండె."

రహమాన్ తల ఊపి, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.